ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా

ఎడ్స్‌గర్ వీబె డైక్‌స్ట్రా (మే 11, 1930 - ఆగష్టు 6, 2002) నెదర్లాండ్స్ దేశానికి చెందిన సుప్రసిద్ధ కంప్యూటర్ శాస్త్రవేత్త. రెండు స్థానాల మధ్య అతి దగ్గర మార్గాన్ని కనుగొనే పద్ధతి వలన ఈయన పేరు ఇంజనీరింగు విద్యార్థులందరికీ సుపరిచితము. అయితే ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఇంటరప్టులను (అంతరాయ సంకేతాలను) నమ్మదగిన రీతిలో నిర్వహించడానికి ఈయన చేసిన కృషి అంతకు తక్కువైనది కాదు.

బాల్యము, విద్య

డైక్‌స్ట్రా రోటర్‌డామ్ నగరంలో జన్మించాడు. తండ్రి రసాయన శాస్త్రవేత్త, తల్లి గణితజ్ఞురాలు. లైడెన్ విశ్వవిద్యాలయంలో సైద్ధాంతిక భౌతికశాస్త్రం చదువుతూ 1951లో కేంబ్రిడ్జిలో ప్రోగ్రామింగు నేర్చుకొని, 1952లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని గణిత కేంద్రంలో చేరాడు. 1957లో మరియా డెబెట్స్‌ను వివాహమాడినపుడు తన వృత్తి ప్రోగ్రామరు అని తెలుపగా, అటువంటి వృత్తి లేదని అధికారులు అంగీకరించలేదు. సైద్ధాంతిక భౌతికశాస్త్రవేత్త అని వ్రాయించుకోవలసి వచ్చింది.

ఇంటరప్టు సమస్య

ఆనాటి కంప్యూటరు, టైపురైటరు వంటి నిదానమైన పరికరం పని ముగించేవరకూ వేచి ఉండవలసి వచ్చేది. ఎలక్ట్రోలాజికా ఎక్స్1 అనే యంత్రాన్ని రూపొందిస్తున్న బ్రామ్ లోప్‌స్ట్రా, కారెల్ స్కోల్టెన్ దీనికొక ఉపాయం సూచించారు. పరికరం పని ముగియగానే సంకేతం పంపుతుంది; కంప్యూటరు తాను చేస్తున్న లెక్కను ఆపి, ఆ పరికరం సంగతి చూసి, మరల లెక్కకు వస్తుంది. బొంతపల్లి, పటాన్‌చెరువు కర్మాగారాలలో యంత్రం ముందున్న కార్మికుడు తనకోసం ఎవరైనా వచ్చారేమోనని మాటిమాటికీ గేటు వద్దకు వెళ్ళడు, కబురు వస్తేనే వెళతాడు. ఇదీ అటువంటిదే.

ఈ సూచన విని డైక్‌స్ట్రా కలవరపడ్డాడు. అంతవరకు ఒకే ప్రోగ్రామును ఎన్నిసార్లు నడిపినా యంత్రం ఒకే విధంగా ప్రవర్తించేది. ఇకపై ఏ ఆదేశం తరువాత సంకేతం వస్తుందో ఎవరికీ తెలియదు. ఒకసారి కనబడి మరల కనబడని దోషాన్ని పట్టుకొనుట ఎట్లు? కొన్ని నెలల పాటు ఆయన ఈ మార్పును అడ్డుకున్నాడు. చివరకు అంగీకరించి, కేవలం పరీక్షలపై ఆధారపడక, సంకేతం ఎక్కడ వచ్చినా లెక్క చెడిపోదని తర్కబద్ధంగా నిరూపించుకుంటూ నిర్వహణ ప్రోగ్రామును వ్రాశాడు. 1959లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయం ఈ పరిశోధనకే డాక్టరేటు ఇచ్చింది.

పొరల నిర్మాణము

1962లో ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఆచార్యుడైన పిదప, సహచరులతో కలిసి ఎక్స్8 యంత్రానికి టి.హెచ్.ఇ. అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించాడు. దీని వివరణ 1968లో ప్రచురితమైంది. గడియారపు ఇంటరప్టులను అట్టడుగు పొర ఒక్కటే చూసుకుంటుంది. పై పొరలలోని ప్రతి పనీ తనకొక ప్రత్యేక ప్రాసెసరు ఉన్నట్లే సాగిపోతుంది. పనుల మధ్య సమన్వయానికి సెమాఫోరులు ఉపయోగించారు. మన విద్యార్థులు కంఠస్థం చేసే పి, వి అనే అక్షరాలు డచ్చి మాటల నుండి వచ్చినవే. పరీక్షలలో సుమారు 500 ఆదేశాలకు ఒకటి చొప్పున చిన్న పొరపాట్లు మాత్రమే బయటపడ్డాయి.

నేటి వర్చువలైజేషన్‌తో సంబంధము

డైక్‌స్ట్రాను వర్చువలైజేషన్ పితామహుడనడం సరికాదు. 1960లలో వర్చువల్ యంత్రాలను తయారుచేసినది అమెరికాలోని ఐబీఎం ఇంజనీర్లు. కాని సమస్య ఆ కుటుంబానికి చెందినదే. 2007లో లినక్స్ కెర్నెల్‌లో చేరిన కె.వి.ఎం. వంటి హైపర్‌వైజరు క్రింద ఒక పూర్తి ఆపరేటింగ్ సిస్టమ్ తనకే కంప్యూటరంతా ఉన్నదని భావిస్తుంది. పూర్వం దానికి ఒక ఇంటరప్టు అందించాలంటే, నడుస్తున్న ఆ అతిథి సిస్టమ్‌ను ఆపి, నియంత్రణను హైపర్‌వైజరు తీసుకోవలసి వచ్చేది. ఇది లక్షలసార్లు జరిగితే ఎంతో కాలం వృథా. ఇంటెల్ వారి ఏపిక్‌వి, ఏఎండి వారి ఏవిక్ ఏర్పాట్లలో ఇంటరప్టు నియంత్రికకు ప్రతిరూపం జ్ఞాపకశక్తిలో ఉంటుంది. ప్రాసెసరే దానిని చూసుకొని, నడుస్తున్న అతిథికి సంకేతాన్ని నేరుగా అందించగలదు. అతిథి ఆ క్షణంలో నడవకపోతే హైపర్‌వైజరు కల్పించుకోక తప్పదు. నడుస్తున్న అతిథి సరిగ్గా అప్పుడే ఆగిపోతే సంకేతం పోకుండా చూడటమే ఇందులో కష్టమైన భాగం. ఎక్స్1 నాటి భయం ఇటువంటి సందర్భాల గురించే.

చివరి దశ

1972లో ట్యూరింగ్ పురస్కారం లభించింది. 1973 నుండి బరోస్ కంపెనీ పరిశోధకుడిగా, 1984 నుండి 1999 వరకు ఆస్టిన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయ ఆచార్యుడిగా పనిచేశాడు. సంఖ్యలు వేసి మిత్రులకు పంపిన 1300కు పైగా వ్యాసాలలో అనేకం కలంతో చేతిరాతగా వ్రాసినవే. 2002 ఆగష్టు 6న న్యూనెన్ గ్రామంలోని స్వగృహంలో క్యాన్సరుతో మరణించాడు. వితరణ కంప్యూటింగు రంగంలో ఇచ్చే ఒక పురస్కారానికి 2003లో ఆయన పేరు పెట్టారు.