రంగస్థలాన్ని ప్రేమించిన ప్లీడరు: బళ్లారి రాఘవ గారి జీవితం



ప్రతి సంవత్సరం డిసెంబరు మాసంలో మన సంఘాల్లో క్రిస్మస్ నాటిక వేస్తాము. తువ్వాలు తలకు చుట్టిన గొర్రెల కాపరులు, అట్టతో చేసిన కిరీటాలు పెట్టుకున్న జ్ఞానులు, మాట మరచిపోయి తల్లివైపు చూసే చిన్నబిడ్డలు మనకందరికీ తెలిసినవారే. అందరం సంతోషిస్తాము, చప్పట్లు కొడతాము. అయితే ఆ పిల్లల్లో ఒకడు నాటిక అయిపోయిన తరువాత కూడ పాటను, వేషాన్ని వదలక, నేను పెద్దవాడినయ్యాక నటుడినే అవుతానని ఇంట్లో చెబితే ఏమవుతుంది? అంతవరకు చప్పట్లు కొట్టిన తల్లిదండ్రుల ముఖాలు మారిపోతాయి. ఊరు విడిచి, భాష కాని చోట కష్టపడి నిలదొక్కుకున్న కుటుంబాలలో ఆ భయం మరింత ఎక్కువ. ఇంతదూరం వచ్చింది ఇందుకేనా అని అడుగుతారు. ఆ ప్రశ్నలో ప్రేమ ఉన్నది, భయమూ ఉన్నది.

ఇలాంటి ప్రశ్న మనతోనే మొదలవలేదు. సుమారు నూట ఇరవై ఏళ్ల క్రితం మదరాసులోని జార్జి టౌన్‌లో చదువుకున్న ఒక తెలుగు యువకుడి ముందు కూడ ఇదే ప్రశ్న నిలిచింది. ఆయన పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. లోకం ఆయనను బళ్లారి రాఘవ అని పిలిచింది.

రాఘవ గారు 1880వ సంవత్సరం ఆగస్టు 2వ తేదీన తాడిపత్రిలో జన్మించారు. తండ్రి నరసింహాచార్యులు గారు, తల్లి శేషమాంబ గారు. ఆయన పెరిగింది, చదివింది బళ్లారిలో. ఆ కాలంలో బళ్లారి మదరాసు రాజధానిలో ఒక భాగం. వీధిలో కన్నడం, తెలుగు రెండూ వినబడే ఊరది. ఇంట్లో ఒక భాష, బజారులో మరొక భాష మాట్లాడే మన బిడ్డలకు అలాంటి బాల్యం కొత్త కాదు. పెద్దయ్యాక రాఘవ గారు తెలుగులోను, కన్నడంలోను, ఇంగ్లీషులోను, హిందీలోను నటించగలిగారంటే ఆ ఊరు వేసిన పునాది అందులో ఉన్నది.

ఆయనకు నాటకాభిరుచి మేనమామ ఇంటి నుండి వచ్చింది. మేనమామ ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు (1853-1912) ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందినవారు. వృత్తికి ఆయన కూడ ప్లీడరే. బళ్లారిలో సరస వినోదినీ సభ అనే నాటక సమాజాన్ని స్థాపించి, తాను నాటకాలు వ్రాసి, తానే వేషం వేసి, ఇతరులకు నేర్పేవారు. చిత్రనళీయము, విషాద సారంగధర ఆయన నాటకాలలో ప్రసిద్ధమైనవి. తెలుగులో విషాదాంత నాటకానికి దారి చూపినవారిలో ఆయన ముఖ్యులు. పాటలు, పద్యాలు రాగయుక్తంగా పాడే నాటకం మన దేశంలో బలపడటానికి ఆయన కృషి ఎంతో ఉన్నది.

ఈ మేనమామ గారి నాటకం జార్జి టౌన్ చరిత్రలో కూడ ఒక మలుపు తిప్పింది. 1891లో సరస వినోదినీ సభవారు మదరాసు వచ్చి, సెంట్రల్ స్టేషను దగ్గరనున్న విక్టోరియా పబ్లిక్ హాలులో తెలుగు నాటకాలు ప్రదర్శించారు. చూడవచ్చిన వారిలో జార్జి టౌన్ ఆచారప్పన్ వీధికి చెందిన పద్దెనిమిదేళ్ల తమిళ విద్యార్థి ఒకరున్నారు. ఆయనే పమ్మల్ సంబంధ మొదలియారు. అంతకుముందు ఆయనకు తమిళ వీధినాటకాలంటే ఇష్టం లేదు. చదువుకున్న పెద్దమనుషులు వేషం వేయడం, గౌరవంగా నాటకం ఆడడం ఆ తెలుగు సమాజంలోనే మొదటిసారి కన్నారు. అదే సంవత్సరం జూలై 1వ తేదీన కొందరు స్నేహితులతో కలిసి జార్జి టౌన్‌లో సుగుణ విలాస సభను ప్రారంభించారు. తరువాత ఆయన న్యాయవాది అయ్యారు, స్మాల్ కాజెస్ కోర్టులో న్యాయాధిపతి అయ్యారు, తొంభైకి పైగా నాటకాలు వ్రాశారు. ఆధునిక తమిళ నాటకానికి తండ్రి అని తమిళులు ఆయనను గౌరవిస్తారు. ఆ దీపం వెలిగింది తెలుగువారి చేతి దీపం నుండే అన్న సంగతి మనలో చాలామందికి తెలియదు.

ఆ నాటికి రాఘవ పదకొండేళ్ల బాలుడు. బళ్లారిలోనే ఆయన పాఠశాల చదువు సాగింది.  అటు తరువాత పై చదువుకు మదరాసు క్రిస్టియన్ కాలేజీకి వచ్చారు. నేడు ఆ కాలేజీ తాంబరంలో ఉన్నది గాని, 1937 వరకు అది జార్జి టౌన్‌లోనే, హైకోర్టు ఎదురుగా ఎస్ప్లనేడు రోడ్డుమీద ఉండేది. అప్పటి ప్రిన్సిపాలు రెవరెండ్ విలియం మిల్లరు గారు షేక్స్‌పియరు నాటకాలను జీవిత పాఠాలుగా బోధించి, వాటిపై గ్రంథాలు వ్రాసిన దైవసేవకులు. వేషం, పాట, నాటకం భక్తికి పనికిరానివని కొందరు మిషనరీలు తలచిన మాట నిజమే. కాని అదే మిషనరీల బడులలో, కాలేజీలలో తెలుగు బిడ్డలు షేక్స్‌పియరును చదివి నాటకమంటే ఏమిటో తెలిసికొన్నారు. ఈ రెండు సంగతులూ మనం మరువరాదు.

క్రిస్టియన్ కాలేజీ నుండి రోడ్డు దాటితే హైకోర్టు, దాని ప్రక్కనే లా కాలేజీ. రాఘవ గారు అక్కడ చదివి 1905లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. ఆయనకు కృష్ణమ్మ గారితో వివాహమైంది. ఎస్ప్లనేడు, బ్రాడ్వే, తంబుచెట్టి వీధి, కొత్వాల్ చావడి ఆ దినాలలో తెలుగు మాట ధారాళంగా వినబడిన చోట్లు. కోమటి వర్తకులు, అచ్చాఫీసులవారు, గుమాస్తాలు, కూలీలు, విద్యార్థులు అక్కడే తిరిగేవారు. కొంతకాలానికి 1914లో ఆంధ్రపత్రిక దినపత్రికగా వెలువడినది కూడ మదరాసు నుండే.

పట్టా చేతికి వచ్చింది. ఇప్పుడు ఏమి చేయాలి? ఆ రోజుల్లో నటుడంటే సమాజంలో చిన్నచూపు. ఊరూరా తిరిగే నాటక కంపెనీలవారికి ఇల్లు అద్దెకు ఇచ్చేందుకు కూడ పెద్దలు సందేహించేవారు. మరోవైపు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభివారు కుటుంబాలకు కుటుంబాలే నాటకం మీద బ్రతికి చూపిస్తున్నారు. తాత, కొడుకు, కోడలు, మనుమరాలు అందరూ వేషం వేసేవారే. వారి పరంపర నేటికీ నడుస్తున్నది. అంటే దారులు రెండు కనబడుతున్నాయి. సర్వం వదిలి కంపెనీలో చేరడం ఒకటి, నాటకాన్ని మరచి కోర్టుకు పోవడం రెండవది.

రాఘవ గారు మూడవ దారి పట్టారు. బళ్లారికి తిరిగివచ్చి ప్లీడరుగా స్థిరపడ్డారు. పగలు కోర్టు, రాత్రి రంగస్థలం. రెంటిలోనూ పేరు తెచ్చుకున్నారు. పబ్లిక్ ప్రాసిక్యూటరుగా నియమింపబడ్డారంటే న్యాయవాదిగా ఆయన అశ్రద్ధ చేయలేదని తెలుస్తున్నది. కోర్టు సంపాదన ఇంటికి ఆధారం కావడం వలన నాటకంలో డబ్బు కొరకు ఎవరికీ తలవంచవలసిన అవసరం ఆయనకు కలగలేదు. నాటకాల వలన వచ్చిన సొమ్మును మంచి కార్యాలకు ఇచ్చేవారని ఆయనను ఎరిగినవారు చెప్పుకున్నారు.

ఇక ఆయన నటన సంగతి. ఆ కాలపు తెలుగు నాటకం సంగీతంతో నిండి ఉండేది. ప్రక్కన హార్మోనియం, ఎదుట వేలాది జనం. మంచి గొంతుగల నటుడు ఒక పద్యాన్ని ఎత్తుకుంటే దీర్ఘంగా రాగం తీసేవాడు. జనం వన్స్ మోర్ అని అరిచేవారు, మరల పాడేవాడు. చనిపోయిన పాత్రధారి లేచి పద్యం పాడి మరల పడుకున్న కథలు మన పల్లెల్లో నవ్వుతూ చెప్పుకుంటారు. జనానికి అది పండుగే. మన తాతలు రాత్రంతా మేలుకొని చూచినది ఆ పద్యాల కొరకే. రాగతాళాలు మనకు పరాయివి కావు. మన క్రైస్తవ కీర్తనల పుస్తకంలో కీర్తన పైన నేటికీ రాగము, తాళము అచ్చువేసి ఉంటాయి కదా.

రాఘవ గారు సంగీతానికి శత్రువు కారు. సంగీతాన్ని నాటకంలోకి తెచ్చినవారి మేనల్లుడు ఎట్లా శత్రువవుతారు? అయితే పాట పాత్రను మ్రింగివేయకూడదని ఆయన నమ్మకం. కొడుకును పోగొట్టుకొన్న హరిశ్చంద్రుడు గంటసేపు రాగం తీస్తే ఆ దుఃఖాన్ని ఎవరు నమ్ముతారు? కావున ఆయన పద్యాన్ని అర్థం తెలిసేటట్లు, మాటవలె పలికేవారు. కన్ను, ముఖం, నడక, మౌనం వీటితో మనసులోని భావాన్ని చూపేవారు. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, కోలాచలం శ్రీనివాసరావు గారి రామరాజు చరిత్రలో పఠాన్ రుస్తుం, ఇవన్నీ ఆయనకు పేరు తెచ్చిన పాత్రలు. పాటల కొరకు వచ్చిన జనం మొదట నిరాశపడినా, నటన చూచి కూర్చుండిపోయేవారు. చప్పట్లు వచ్చే సులువైన మార్గాన్ని కావాలని విడిచి కష్టమైనదాన్ని ఎన్నుకోవడం ఏ పనిలోనైనా గొప్ప సంగతే.

ఆయన పట్టుబట్టిన మరొక విషయమున్నది. సురభివంటి వారిని మినహాయిస్తే, ఆ రోజుల్లో స్త్రీ పాత్రలు సాధారణంగా పురుషులే వేసేవారు. స్త్రీ పాత్రలు స్త్రీలే ధరించాలని, చదువుకున్న మంచి కుటుంబాల స్త్రీలు నిర్భయంగా రంగస్థలం ఎక్కే పరిస్థితి రావాలని రాఘవ గారు వాదించారు. వాదించి ఊరుకోలేదు. కొమ్మూరి పద్మావతీ దేవి, కొప్పరపు సరోజిని వంటివారు ఆయనతో కలిసి నటించారు. విమర్శలు వచ్చాయి, ఆయన వెనుకకు పోలేదు.

పురాణ కథలతోనే ఆగిపోక నేటి ఇంటి కథలను కూడ నాటకం చెప్పాలని ఆయన కోరిక. యువ న్యాయవాది పి. వి. రాజమన్నారు గారు వ్రాసిన తప్పెవరిది అనే సాంఘిక నాటకాన్ని ఆయన రంగస్థలం మీదికి తెచ్చారు. ఆ రాజమన్నారు గారే తరువాత జార్జి టౌన్‌లోని మదరాసు హైకోర్టుకు ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, 1953లో సంగీత నాటక అకాడమీకి మొదటి అధ్యక్షులు కూడ అయ్యారు. నాటకం వ్రాసినందుకు ఆయన న్యాయవృత్తి చెడలేదని గమనించండి.

1927లో దీనబంధు కబీరు నాటకాన్ని హిందీలో గాంధీగారు చూచారు. పనుల ఒత్తిడి వలన కొద్దిసేపే ఉండవలసిన ఆయన నాటకంలో లీనమై ఎక్కువసేపు కూర్చున్నారని ప్రసిద్ధి. ఆ కాలంలోనే రాఘవ గారు ఐరోపా వెళ్లి అక్కడి నాటకశాలలను, నటుల పద్ధతులను స్వయంగా చూచి వచ్చారు. నలభై ఏడేళ్ల వయస్సులో, అంత పేరు వచ్చిన తరువాత కూడ ఇంకా నేర్చుకోవాలని సముద్రం దాటిన మనిషి ఆయన.

సినిమాలలో ఆయనకు అంత కలిసిరాలేదు. 1936లో ద్రౌపదీ మానసంరక్షణంలో దుర్యోధనుడుగా నటించారు గాని ఆ చిత్రం ఓడిపోయింది. 1939లో గూడవల్లి రామబ్రహ్మం గారి రైతుబిడ్డలో రైతుగా నటించారు. జమీందారుల కోపం వలన ఆ చిత్రానికి కొన్నిచోట్ల నిషేధం ఎదురైంది. 1940లో చండికలో కన్నాంబ గారితో నటించారు. అటుపిమ్మట సినిమాల వెంట పడలేదు. తన స్థలం రంగస్థలమే అని ఆయనకు తెలుసు.

1946వ సంవత్సరం ఏప్రిల్ 16వ తేదీన బళ్లారిలో ఆయన కన్నుమూశారు. ఏడేళ్లకు, 1953లో, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. రాష్ట్రాల హద్దులు మారినా తెలుగువారు, కన్నడిగులు ఇరువురూ ఆయనను తమవాడనే చెప్పుకుంటున్నారు. 1981లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల వెలువరించింది.

ప్రియ తల్లిదండ్రులారా, ఈ జీవితం నుండి మనం ఏమి నేర్చుకోవాలి? పిల్లలను అందరినీ నాటకాలకు పంపమని నేను చెప్పడం లేదు. నటన మీద బ్రతుకుట నేటికీ కష్టమే. రాఘవ గారి వద్ద ప్లీడరు పట్టా లేకపోతే ఆయన అంత స్వేచ్ఛగా ఉండగలిగేవారా అన్నది ఆలోచించదగినది. మరి ఆ పట్టా ఒక్కటే ఉండి నాటకం లేకపోతే, ఈనాడు ఆయన పేరు ఎవరికి జ్ఞాపకముండేది? బళ్లారి కోర్టులో ఆ దినాలలో వాదించిన మిగిలిన ప్లీడర్లలో ఎందరి పేర్లు మనకు తెలుసు?

బిడ్డ నోట ఆ కోరిక వినబడినప్పుడు వెంటనే కాదనవద్దు. పనిలో నమ్మకంగా ఉంటావా, చప్పట్లు రాని రోజున కూడ ఈ పనిని ప్రేమిస్తావా, నేర్చుకోవడం మానవు కదా అని అడగండి. మేనమామ ఇంట్లో ఒక తలుపు తెరచి ఉంచబట్టి తెలుగువారికి ఒక రాఘవ దొరికాడు. మన ఇండ్లలో కూడ ఆ తలుపు కొంచెం తెరచి ఉంచుదాము.

ఈసారి క్రిస్మస్ నాటికలో మాట మరచిపోయిన చిన్నవాడిని చూచి నవ్వుదాము, తప్పులేదు. అయితే నాటిక అయిపోయాక కూడ తువ్వాలు తీయక ఒక మూల నిలబడి తన మాటలు తానే మరల చెప్పుకుంటున్న బిడ్డ ఎవరైనా ఉంటే, వాడి దగ్గరకు వెళ్లి ఒక్క నిమిషం వినండి.