నవ్వుల పెళ్లింట పూర్ణమ్మ

1955 ఆగస్టు 26న విడుదలైన ‘కన్యాశుల్కం’ సినిమాకు డెబ్బై ఏళ్లు నిండాయి. ఈ పండుగ పూట సినిమానీ, దాన్ని కన్న నాటకాన్నీ ఒకే పీట మీద కూర్చోబెట్టి అక్షతలు వేయాలని నా కోరిక.

గురజాడ నాటకం 1892లో విజయనగరంలో తొలిసారి రంగమెక్కింది. ఇవాళ మనం చదువుకునేది ఆయన బాగా పెంచి 1909లో వేయించిన రెండో కూర్పు. ఏడంకాలు, బోలెడు జనం. అంతటి నాటకాన్ని ఒక్క ఆటలో ఇమడ్చడానికి నిర్మాత డి.ఎల్. నారాయణ, దర్శకుడు పి. పుల్లయ్య పూనుకోవడమే గొప్ప. ఇమడ్చాలంటే కత్తిరించక తప్పదు. పుస్తకంలో మనుషులు తీరుబడిగా మాట్లాడుకుంటూ తమ గుట్టు తామే బయటపెట్టుకునే ఆ సొగసు తెరమీద కొంత తగ్గింది. ఆ లోటును నటులు చాలావరకు పూడ్చారు. ‘పాతాళభైరవి’ వీరుడు తోటరాముడు మాయమాటల గిరీశం వేషం కట్టడం చిన్న ధైర్యం కాదు. ఇక మధురవాణి పేరు వింటే ఇప్పటికీ కళ్లముందు కదిలేది సావిత్రే.

నా లెక్కలో సినిమా చేసిన అసలు మేలు వేరే ఉంది. నాటకంలో ముసలి లుబ్ధావధాన్లు మెడలో తాళి కట్టిన ‘ఆడపిల్ల’ నిజానికి చీరకట్టిన కరటకశాస్త్రి శిష్యుడు. అది మనకు ముందే తెలుసు కనుక ఆ పెళ్లికి హాయిగా నవ్వుతాం. ఆ ముసలాడికే ఇవ్వాలనుకున్న చిన్నపిల్ల సుబ్బి గండం తప్పించుకుంటుంది. మరి తప్పించుకోలేని పిల్లల మాట? వాళ్లకోసం సినిమావాళ్లు గురజాడ గేయాల్లోంచే ‘పుత్తడిబొమ్మ పూర్ణమ్మ’ను పిలుచుకొచ్చారు. డబ్బు తీసుకుని ముసలివాడికి కట్టబెడితే చెరువు పాలైన పిల్ల ఆమె. నాటకంలో లేని ఆ పాట, నాటకం నవ్వు మాటున దాచిన ఏడుపును బయటపెట్టింది. ఇది గురజాడ సొత్తును గురజాడకే అప్పజెప్పడం.

మా నాయనమ్మ గిరీశం కనిపిస్తే చాలు పడీపడీ నవ్వేది. పూర్ణమ్మ పాట మొదలవగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. పెళ్లినాటికి ఆవిడకు తొమ్మిదేళ్లు.

డెబ్బై నిండిన సినిమాకు శుభాకాంక్షలు, తల్లి నాటకానికి నమస్కారం. ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ మళ్లీ చూస్తున్నాం. ఆ పాట వచ్చినప్పుడు మా తొమ్మిదేళ్ల మనవరాలు నా పక్కనే కూర్చుని ఉంటుంది.