పెస్టలోజీ మహాశయుడు

విద్య నేర్పుట యనగా తెలిసినవాడు తెలియనివానికి చెప్పుటయే యని పెక్కుమంది తలంతురు. చెప్పువానికి విషయము బాగుగా తెలిసియుండిన చాలునని వారి యభిప్రాయము. కాని విషయము నెఱుగుట యొకటి. ఆ విషయము పసివాని మనస్సున ఏ మార్గమున ప్రవేశించునో యెఱుగుట మఱియొకటి. ఈ రెండవ జ్ఞానమును సంపాదించుటకై తన ధనమును, ఆరోగ్యమును, లోకులలోని పరువును సైతము ధారపోసిన యొక మహనీయుని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగా తెలుపగోరుచున్నాము. ఆయన స్విట్జర్లాండు దేశస్థుడగు యోహాన్ హైన్రిక్ పెస్టలోజీ.

పెస్టలోజీ 1746వ సంవత్సరము జనవరి 12వ తేదీన జూరిచ్ పట్టణమున జన్మించెను. తండ్రి శస్త్రవైద్యుడు. కుమారునికి ఐదేండ్ల ప్రాయమున, 1751లో, తండ్రి స్వర్గస్థుడయ్యెను. మరణశయ్యపై నుండి ఆతడు ఇంటి పనికత్తెయగు బాబెలీని పిలిచి, తన కుటుంబమును విడిచిపోవలదని వేడుకొనెననియు, ఆమె యట్లే మాటయిచ్చి తన తుదిదినము వఱకు ఆ యింటనే నిలిచెననియు చరిత్రకారులు వ్రాసియున్నారు. తల్లియు, ఈ విశ్వాసపాత్రురాలగు సేవకురాలును మిక్కిలి పొదుపుగా కాలము గడపి పిల్లలను పెంచిరి. ఇంటిలోని ప్రేమయే మొదటి బడి యని పెస్టలోజీ పిమ్మట బోధించిన బోధకు మూలమిచ్చటనే కలదు.

ఆయన తాత సమీప గ్రామమున క్రైస్తవసంఘ కాపరి. సెలవు దినములలో బాలుడు తాత వెంట బీదల గుడిసెలకు పోయి వారి కష్టములను కన్నులార చూచెను. పాఠశాలలో మాత్రము ఆయన మంచి విద్యార్థి యని పేరొందలేదు. చేవ్రాత యందముగా నుండదు, అక్షరదోషములు మెండు, తోటి బాలురు వెఱ్ఱివాడని పరిహసించుచుండిరి. ఐనను ఒకనాడు భూకంపము వచ్చి ఉపాధ్యాయులును విద్యార్థులును బయటికి పరుగెత్తినప్పుడు, లోపల విడిచిన టోపీలను, పుస్తకములను మఱల తెచ్చుటకు ధైర్యము చేసినవాడు ఈ వెఱ్ఱివాడే.

యౌవనమున ఆయన తాతవలె సంఘ కాపరి కావలెనని వేదాంతమును, పిమ్మట న్యాయశాస్త్రమును అభ్యసించి, రెంటిని విడిచెను. 1762లో రూసో యను ఫ్రెంచి గ్రంథకర్త ఎమీల్ అను గ్రంథమును ప్రకటించెను. బాలుని పుస్తకములతో బంధింపక ప్రకృతి ననుసరించి పెరుగనీయవలెనని అందలి సారాంశము. పెస్టలోజీ ఆ గ్రంథమునకు ముగ్ధుడయ్యెను. 1769లో తనకంటె ఎనిమిదేండ్లు పెద్దదియగు అన్నా షుల్తెస్ అను వర్తకుని కుమార్తెను, ఆమె తలిదండ్రుల యిష్టమునకు వ్యతిరేకముగా వివాహమాడి, బిర్ గ్రామము చెంత భూమి కొని వ్యవసాయమునకు దిగెను. ఎఱ్ఱరంగు నిచ్చు మంజిష్ఠను పండింపవలెనని ఆయన సంకల్పము. ఆ నేల మంచిది కాదు. సేద్యమున ఆయనకు నేర్పును తక్కువ. వ్యవసాయము చెడి అప్పులు మిగిలెను.

1770లో వారికొక కుమారుడు కలిగెను. రూసోయం దలి గౌరవముచేత బాలునికి ఆ గ్రంథకర్త పేరే పెట్టి, ఆ గ్రంథములోని పద్ధతినే పెంచబూనిరి. బాలునికి మూడున్నర యేండ్ల వయస్సున, అనగా 1774లో, పెస్టలోజీ దినదినము తాను నేర్పినదియు, బాలుడు నేర్చినదియు ఒక పుస్తకమున వ్రాసికొనుచుండెను. ఒకనాడు బాలునికి సంఖ్యల యర్థము తెలుపబోగా ఆయనకు నొక సంగతి పొడకట్టెను. బాలుడు ఒకటి, రెండు, మూడు అని వరుసగా చెప్పుచున్నాడు. కాని ఆ మాటల వెనుక ఏ పరిమాణమును వాని మనస్సున లేదు. వానికి తెలిసినవి పేళ్లే కాని సంఖ్యలు కావు. పేరు ముందుగా వచ్చినందున, తనకు తెలిసినదను భ్రమ బాలునికి కలిగి, నిజముగా తెలిసికొనుటకు అదియే అడ్డమయ్యెను. తప్పు బాలునిది కాదు, నేర్పినవానిదని తండ్రి గ్రహించెను. పెస్టలోజీ జీవితకార్యమునకంతకు బీజమీ చిన్న సంగతియే యని మా తలంపు.

ఐనను ఆ బాలుని చదువు తండ్రి కోరినట్లు సాగలేదు. స్వేచ్ఛ యీయవలెనని ఒకనాడును, నిర్బంధింపవలెనని మఱియొకనాడును తండ్రి మనస్సు ఊగులాడుచుండెను. పుస్తకములోని బాలుడు వేఱు, ఇంటిలోని బాలుడు వేఱు. ఈ కుమారుడు మూర్ఛరోగ పీడితుడై 1801లో తండ్రికంటె ముందుగనే మరణించెను. సిద్ధాంతమును నమ్ముటయే గాక, బాలుని చూచి దానిని దిద్దుకొనవలయునని ఈ దుఃఖము బోధించుచున్నది.

1774లోనే పెస్టలోజీ తన పొలమునందలి యింట బీదబిడ్డలను చేర్చుకొని, వారిచేత నూలు వడికించుచు, నేయించుచు, పనిచేయు సమయముననే చదువు చెప్పసాగెను. మంచి బట్టలు దొరకి ఒడలు కోలుకొనగనే పలువురు తలిదండ్రులు బిడ్డలను తీసికొని పోవుచుండిరి. నూలు బేరము లాభింపలేదు. 1780లో బడి మూతపడెను. భార్య తెచ్చిన సొమ్ము అంతయు నష్టమయ్యెను. ఆయన తనకే సాయపడలేనివాడు, ఒరుల నెట్లు ఉద్ధరించునని ఇరుగుపొరుగువారు ఎగతాళి చేసిరి. ఆ దుర్దినములలోనే ఆయన కలము పట్టెను. 1781లో వెలువడిన లియొనార్డు, గెర్‌ట్రూడు అను కథ ఐరోపాఖండమున ఆయన పేరు వ్యాపింపజేసెను. సద్గుణవతియగు నొక తల్లి తన యింటిని, దాని మూలమున గ్రామమును బాగుచేసిన వృత్తాంతమది. 1792లో ఫ్రెంచి శాసనసభవారు ఆయనకు గౌరవ పౌరసత్వము నొసంగిరి. గౌరవము వచ్చెను గాని బడి లేకుండెను.

1798 సెప్టెంబరున ఫ్రెంచి సైన్యములు స్టాన్స్ పట్టణముపై బడి వందలకొలది జనులను సంహరించి యిండ్లను తగులబెట్టెను. దిక్కులేని పిల్లలు మిగిలిరి. స్విస్ ప్రభుత్వమువారి కోరికపై పెస్టలోజీ 1799 జనవరిలో అచ్చటి కన్యాశ్రమమున ఒక అనాథశాలను తెఱచెను. ఆయనకప్పుడు ఏబదిమూడేండ్లు. ఇంచుమించు ఎనుబదిమంది పిల్లలు. తోడు ఒక పనికత్తె మాత్రమే. పిల్లలలో పెక్కుమందికి గజ్జి, పేలు, పుండ్లు. కొందఱు భయపడినవారు, కొందఱు బిచ్చమునకు మరగినవారు. ఆయన ప్రొటెస్టంటు, ఆ యూరివారు కతోలికులు. కావున నమ్మకము తక్కువ. ఆయన వారితోనే తిని, వారి నడుమనే నిద్రించి, రాత్రి కడపట పండుకొని, ఉదయమున ముందుగా లేచుచుండెను. ఒక్కడే యగుటచేత, తెలిసిన పిల్లవాని నిరువురు తెలియనివారి మధ్య కూర్చుండబెట్టి నేర్పించుచుండెను.

ఆ దినములలో ఆల్ట్‌డార్ఫ్ అను పట్టణము కాలిపోయి అచ్చటను పిల్లలు దిక్కులేనివారైరి. పెస్టలోజీ తన పిల్లలను చుట్టును చేర్చుకొని, వారిలో కొందఱిని ఇచ్చటికి పిలువవచ్చునా యని యడిగెను. పిలిచినచో తిండి తగ్గును, పని హెచ్చును, బట్టలు పంచుకొనవలసివచ్చునని దాపక చెప్పెను. పిల్లలు పిలువుమనియే కోరిరి. దయ యను మాటకు అర్థము చెప్పుటకు ముందు దయను చేయించుట ఆయన పద్ధతి. సంఖ్య విషయమున ఎట్లో సద్గుణము విషయమునను అట్లే: అనుభవము ముందు, పేరు పిమ్మట. జూన్ నెలలో సైన్యమువారు ఆ భవనమును వైద్యశాలకు తీసికొనుటచేత ఈ పని అయిదు నెలలకే యాగిపోయెను. పెస్టలోజీ రక్తము కక్కుచు విశ్రాంతికై కొండలకు పోయెను.

అదే సంవత్సరము బుర్గ్‌డార్ఫ్ పట్టణమున ఆయన చిన్న పిల్లల బడిలో సామాన్యోపాధ్యాయుడుగా ప్రవేశించెను. అచ్చట నొక ముచ్చట చెప్పుదురు. ఆయన నిచ్చెన బొమ్మ చూపి పాఠము చెప్పుచుండగా, ఒక బాలుడు పెరటిలో నిజమైన నిచ్చెన యుండగా బొమ్మ యెందుకని యడిగెనట. మఱియొకప్పుడు కిటికీ బొమ్మను చూపగా అదే ప్రశ్న వచ్చెను. గురువు కోపింపక, బాలుడు చెప్పినదే సరియని యొప్పుకొని బొమ్మలను ప్రక్కకు పెట్టెనట. 1801లో గెర్‌ట్రూడు తన బిడ్డలకు బోధించు విధమను గ్రంథమున ఆయన తన సిద్ధాంతమును పదునాలుగు లేఖలుగా వివరించెను. కన్నులతో చూచి, చేతులతో తాకి పొందిన స్వానుభవమే జ్ఞానమునకు పునాది. సులభమైనదానినుండి కఠినమైనదానికి, దగ్గఱనున్నదానినుండి దూరమున నున్నదానికి పోవలయును. తల, హృదయము, హస్తము మూడును కలిసి పెరుగవలయును. ఇది దాని సారము.

న్యాయముగా చెప్పవలసినచో, ఆయన బోధనలో లోపములును కలవు. వల్లెవేయుటను ఖండించిన ఆయనయే, బుర్గ్‌డార్ఫ్ బడిలో గోడకాగితముపై నున్న చిఱుగులను చూపి, వానిని గుఱించిన వాక్యములను పిల్లలచేత గంటలకొలది చెప్పించెనని ఆ బడిలో చదివిన యొకరు వ్రాసిరి. పద్ధతిపై మోహము హెచ్చినప్పుడు బాలుడు మఱుగుపడుట ఆ మహనీయునికిని తప్పలేదు.

1805 మొదలు 1825 వఱకు ఇవెర్డాన్ కోటలో నడపిన పాఠశాల ఆయనకు గొప్ప కీర్తి తెచ్చెను. శిశువిహారములకు ఆద్యుడగు ఫ్రోబెల్ 1808 నుండి 1810 వఱకు అచ్చట నుండి నేర్చుకొనెను. 1816లో ఆండ్రూ బెల్ అను మతాచార్యుడును దర్శింపవచ్చెను. ఈ బెల్ మన చెన్నపట్టణముతో సంబంధము గలవాడు. 1789లో ఎగ్మూరునందలి సైనిక అనాథబాలుర శాల కధ్యక్షుడై, ఈ దేశపు వీధిబడిలో పిల్లలు ఇసుకలో అక్షరములు దిద్దుట చూచి, ఆ విధమును తన శాలలో ప్రవేశపెట్టి, పెద్ద బాలురచేత చిన్నవారికి నేర్పించెను. ఇంగ్లండులో దీనికి మదరాసు పద్ధతి యని పేరు వచ్చెను. ఒక గురువు స్వల్పవ్యయముతో పెక్కుమందికి ఎట్లు నేర్పవచ్చునని బెల్ విచారించెను. ఒక్క బాలుని మనస్సున జ్ఞానమెట్లు పుట్టునని పెస్టలోజీ విచారించెను. బెల్‌కు పెస్టలోజీ పద్ధతి నచ్చలేదు. కాని రెండు ప్రశ్నలును మన బడులకు నేటికిని అవసరమైనవే.

ఇవెర్డాన్‌లో ఉపాధ్యాయులు తమలో తాము కలహించిరి. 1815లో భార్య మరణించెను. కలహములు మానక 1825లో పాఠశాల మూతపడెను. వృద్ధుడు తన పాత పొలమునకు మఱలి, తన లోపములను దాపక వ్రాసి, 1827 ఫిబ్రవరి 17వ తేదీన కన్నుమూసెను. ఆయన సమాధి బిర్ గ్రామమున బడి యింటి ప్రక్కనే కలదు.

ఆయన బోధ దేశదేశముల వ్యాపించెను గాని పలుచోట్ల ప్రాణము కోలుపోయెను. ఆయన శాలలో నుండి వెళ్లిన చార్లెస్ మేయో మూలమున ఇంగ్లండున వస్తుపాఠములు ప్రబలెను. పిల్లవాని చేతికి గాజుముక్క నిచ్చి చూడనిమ్మనుట ఉద్దేశము. కాలక్రమమున పెక్కు బడులలో గాజు పారదర్శకము, పెళుసైనది అను మాటలను వల్లించుటయే పాఠమయ్యెను. వస్తువు పోయి మఱల పేరే మిగిలెను.

నేటి కాలమున కంటితో నేర్చువారు, చెవితో నేర్చువారు, చేతితో నేర్చువారు అని విద్యార్థులను విభజించి, ఎవరికి తగినట్లు వారికి బోధింపవలెనను వాదము వ్యాపించినది. 2008లో నలుగురు అమెరికా మనస్తత్త్వవేత్తలు నిదర్శనములను పరిశీలించి, అట్లు బోధించుటవలన మేలు కలుగునని నమ్ముటకు చాలిన ఆధారము లేదని ప్రకటించిరి. ఒక్క బాలునికే కన్ను, చెవి, చేయి మూడును కలవు. ఏ పాఠమునకు ఏది తగునో చూచుట ఉపాధ్యాయుని పని. మఱియు 2006లో ఇద్దరు పండితులు కళాశాలా విద్యార్థులను పరీక్షించిరి. పాఠమును మఱల మఱల చదివినవారు అయిదు నిమిషముల పిమ్మట ఎక్కువ చెప్పగలిగిరి. పుస్తకము మూసి జ్ఞప్తికి తెచ్చుకొనినవారు వారము దినముల పిమ్మట ఎక్కువ చెప్పగలిగిరి. తనకు వచ్చినదను భ్రమ ఎంత మోసకరమో ఇందువలన తెలియుచున్నది.

ప్రియమైన విద్యార్థులారా! మీ కంఠస్థములో నున్నది సంఖ్యయా, దాని పేరా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. పుస్తకము మూసి, మీ మాటలతో చెప్పి, మీ చేతులతో చేసి చూడుడు. తలిదండ్రులారా! బిడ్డ గడగడ అప్పగించుటయే చదువని తృప్తినొందకుడు. ఉపాధ్యాయ సోదరులారా! పాఠము బాలునికి అంటనప్పుడు వానిని మందుడనుటకు ముందు, మనము నేర్పిన త్రోవను ఒకసారి పరీక్షింతము. మూడున్నర యేండ్ల పసివాని యెదుట తన తప్పు నొప్పుకొనగలిగిన పెస్టలోజీ వినయము మనకందఱకు అలవడునట్లు దేవుడు అనుగ్రహించుగాక.