ముఖానికి ప్రాణం పోసిన శస్త్ర శిల్పి గిలీస్

కోయిలకుంట్ల: ముక్కు, దవడ తెగిపోయి ప్రాణాలతో మిగిలిన మనిషి నలుగురిలోకి రావడానికి వెనుకాడతాడు. అటువంటి వేలాది క్షతగాత్రులకు తిరిగి ముఖమిచ్చిన మహనీయుడు సర్ హెరాల్డ్ గిలీస్. ఆధునిక ప్లాస్టిక్ సర్జరీ పితామహుడిగా ఖ్యాతి గడించిన ఆయన 1882 జూన్ 17న న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో జన్మించారు. ఇంగ్లండులో వైద్యవిద్య అభ్యసించి చెవి, ముక్కు, గొంతు వైద్యునిగా స్థిరపడ్డారు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. 1915లో ఫ్రాన్స్ వెళ్లి ముఖాలు ఛిద్రమైన సైనికుల దైన్యాన్ని కళ్లారా చూశారు. 1917లో సిడ్‌కప్‌లో ఇందుకోసమే ప్రత్యేక ఆసుపత్రి వెలిసింది. అక్కడ 5 వేల మందికి పైగా సైనికులకు 11 వేలకు పైగా శస్త్రచికిత్సలు జరిగాయి.

ఈ విద్యకు మన దేశమే పుట్టినిల్లు. మైసూరు యుద్ధంలో టిప్పు సైన్యానికి చిక్కి ముక్కు కోల్పోయిన బండివాడు కవాస్‌జీకి పూణే ప్రాంతంలో నుదుటి చర్మంతో ముక్కు అమర్చిన వైనం 1794లో లండన్ పత్రికలో వెలువడింది. ఆ యుద్ధానంతరం 1792లో కుదిరిన సంధితోనే కడప, గండికోట సీమలు నిజాం వశమయ్యాయి.

గిలీస్‌కు అపజయమూ ఎదురైంది. ముఖమంతా కాలిన ఒక యువ వైమానికునికి ఛాతీ చర్మాన్ని ఒకేసారి అతికించగా అది కుళ్లి, 1918లో ఆ యువకుడు కన్నుమూశాడు. తొందరపడక దశలవారీగా సాగాలన్న పాఠం ఆయనకు అలా బోధపడింది. చర్మాన్ని గొట్టంలా చుట్టి కుట్టి, ఒక కొసను శరీరానికే ఉంచి రక్తప్రసరణ నిలిపే విధానాన్ని ఆయన ప్రాచుర్యంలోకి తెచ్చారు.

1934లో కణత కండరాన్ని మళ్లించి చచ్చుబడిన ముఖానికి కదలిక తెచ్చే పద్ధతిని వివరించారు. కుష్ఠు వ్యాధితో కనురెప్పలు మూతపడని వారికి ఇదే మార్గం తరువాతి కాలంలో మన దేశంలోనూ చూపు కాపాడింది. కండరం తన రక్తనాళాలతోనే తరలి వస్తుంది గనుక లోతైన గాయాన్ని పూడ్చి, చీము పట్టకుండా అడ్డుకుంటుంది. ప్రమాదాలలో, క్యాన్సర్ చికిత్సలో పుర్రె బయటపడిన వారికి నేడు వీపు కండరాన్ని తెచ్చి, సూక్ష్మదర్శిని సాయంతో రక్తనాళాలు కలిపి కప్పుతున్నారు.

1930లో సర్ బిరుదు పొందిన గిలీస్ చివరిదాకా కత్తి విడువలేదు. 1960 ఆగస్టులో ఒక యువతి కాలికి శస్త్రచికిత్స చేస్తూ అస్వస్థతకు గురై, సెప్టెంబర్ 10న తుదిశ్వాస విడిచారు.