అల్ఫోన్సు లెగ్రో

ఫ్రాన్సు దేశపు తూర్పు భాగమున బర్గండీ అను సీమ కలదు. ద్రాక్షతోటలకు పేరువడసిన ఆ సీమకు డిజోను ముఖ్యపట్టణము. ఆ పట్టణమున 1837వ సంవత్సరము మే నెల 8వ తేదీన అల్ఫోన్సు లెగ్రో జన్మించెను. తండ్రి జమాఖర్చులు వ్రాసి జీవించు సామాన్యుడు. ఆయన స్వగ్రామమైన వెరోను పట్టణమునకు చేరువనే ఉండెను. బాలుడు ఆ పల్లెకు పోయి పొలములలో తిరుగుచు, అచటి రైతులను, కూలివారిని, చర్చి గురువులను చూచుచుండెడివాడు. ఏబది యేండ్లు గడచిన పిమ్మట, వేరొక దేశమున కూర్చుండి అతడు గీచిన బొమ్మలలో ఆ మనుష్యులే మరల మరల కానవత్తురు.

డిజోనులోని చిత్రలేఖన పాఠశాలలో కొంత నేర్చిన వెనుక అతనిని ఇండ్లకు రంగులు వేయు ఒక మేస్త్రీ యొద్ద పనికి కుదిర్చిరి. గోడలకు రంగు పూయుట, పటములు వ్రాయుట ఆ మేస్త్రీ వృత్తి. 1851లో, పదునాలుగేండ్ల ప్రాయమున, లెగ్రో పారిసు నగరమునకు బయలుదేరెను. త్రోవలో లియోను నగరమున ఆగి, అచటి ప్రధాన దేవాలయములో ఒక మందిరపు గోడలపై ఆరు మాసములు కూలిపని చేసెను. పెద్ద చిత్రకారుల జీవితములు చదువునపుడు వారు పుట్టుకతోనే కుంచె పట్టినట్లు మనకు తోచును. లెగ్రో మొదట పట్టినది సున్నము కొట్టువాని కుంచె వంటిదే.

పారిసులో అతడు కాంబాను అను చిత్రకారుని క్రింద నాటకశాలల తెరలు వ్రాయుచు పొట్ట పోసికొనుచుండెను. మిగిలిన వేళలలో ఒక చిత్రలేఖన పాఠశాలకు పోవుచుండెను. నగరములోని పెద్ద కళాశాలతో పోల్చి దానిని జనులు చిన్నబడి అని పిలుచుచుండిరి. తరువాతి కాలమున జగద్విఖ్యాత శిల్పి యైన రోదాన్, మరియొక గొప్ప శిల్పి దాలూ ఆ బడిలో చదివినవారే. అచటి ఉపాధ్యాయుని పేరు లెకాకు.

లెకాకు బోధనాపద్ధతి విలక్షణమైనది. వస్తువును ఎదుట నుంచుకొని చూచుచు గీయుట అన్ని బడులలోను నేర్పుదురు. లెకాకు మాత్రము వస్తువును చక్కగ పరిశీలింపుమని చెప్పి, దానిని మరుగుపరచి, జ్ఞాపకమునుండి గీయుమనును. మొదట ముక్కు వంటి చిన్న అవయవము, పిమ్మట ముఖము, పిమ్మట మనిషి, తుదకు మహాచిత్రకారుల చిత్రములు. ఒక పర్యాయము లెగ్రో లూవ్రు ప్రదర్శనశాలకు పోయి, హోల్బైను అను చిత్రకారుడు 1523లో వ్రాసిన ఎరాస్మసు పండితుని చిత్తరువును కన్నులతో నేర్చుకొని, బడికి తిరిగివచ్చి దానిని గీచెను. వ్రాతపనిలో మునిగిన పండితుని వాలుచూపు, నల్లని టోపీ, కలము పట్టిన వ్రేళ్లు, ఇన్నింటిని మనస్సున మోసికొని వచ్చుట సామాన్యమైన పని కాదు. ఆ బొమ్మ తరువాత లెకాకు గ్రంథమున అచ్చయినది.

లెగ్రోకు శాశ్వతమైన పేరు తెచ్చిన విద్య ఎచ్చింగు. దానిని అతనికి ఏ గురువును నేర్పలేదు. పారిసులో తోటివాడొకడు వర్తకులకై రేకుపై బొమ్మ చెక్కుచుండగా, లెగ్రో ప్రక్కన నిలిచి చూచెను. చూచి నేర్చెను.

ఎచ్చింగు అనగా నేమో ఇచట కొంత చెప్పవలెను. నున్నగ మెరుగుపెట్టిన రాగిరేకుపై మైనము, గుగ్గిలము మొదలగువానితో చేసిన పలుచని పూత పూయుదురు. దానికి పొగ పట్టించి నల్లగ చేయుదురు. ఆ నలుపుపై చిత్రకారుడు సూదితో గీచును. గీచినచోట పూత లేచిపోయి రాగి మెరయును. రేకు వెనుకభాగమును వార్నీషుతో కప్పి ఆమ్లమున ముంచగా, పూత లేనిచోట మాత్రమే ఆమ్లము రాగిని తినివేయును. తామ్రశాసనము చెక్కువాడు ఉలితో చేయు పనిని ఇచట ఆమ్లము చేయుచున్నది. ఎక్కువసేపు తినిన గీత లోతై నల్లగ అచ్చుపడును. తక్కువసేపు తినినది సన్నగ పడును. పిమ్మట పూత తొలగించి, రేకునిండ సిరా రుద్ది, పైపైని సిరాను గుడ్డతో తుడిచివేయుదురు. గీతలలోని సిరా మాత్రము నిలుచును. తడిపిన కాగితమును రేకుపై పరచి, యంత్రపు రెండు రూళ్ల నడుమ నొక్కి త్రిప్పగా బొమ్మ కాగితముపైకి దిగును. రేకుపై కుడివైపున ఉన్నది కాగితముపై ఎడమకు వచ్చును. కావున బొమ్మను తలక్రిందు కాకున్నను ప్రక్కలు మార్చి మనస్సున నిలుపుకొని గీయవలెను. లెకాకు బడిలో చేసిన సాధన ఇచట ఎంత ఉపకరించెనో ఊహింపవచ్చును.

సలోను అను పేరు గల గొప్ప చిత్రప్రదర్శనమున 1857లో లెగ్రో వ్రాసిన తండ్రి చిత్తరువునకు చోటు లభించెను. మరుసటి సంవత్సరము అతడు ఫాంతాన్ లాటూరు, అమెరికానుండి వచ్చిన విస్లరు అను ఇద్దరు యువచిత్రకారులతో జతగూడెను. వారి కూటమికి ముగ్గురి సంఘమని పేరు. 1859లో ప్రదర్శింపబడిన ఆంజెలూసు అను ప్రార్థనా చిత్రమును మహాకవి బోదిలేరు మిక్కిలి మెచ్చి వ్రాసెను. 1861లో లెగ్రో మ్రొక్కుబడి అను పెద్ద చిత్రమును ప్రదర్శించెను. నల్లని ఉడుపులు ధరించిన పల్లె స్త్రీలు త్రోవ ప్రక్కనున్న చిన్న మందిరము ముందు మోకరిల్లియుండు ఆ చిత్రము నేడు డిజోను ప్రదర్శనశాలకు అలంకారమై యున్నది. ఆనాడు మాత్రము న్యాయనిర్ణేతలు దానికి బహుమానము నీయక, పేరు ప్రస్తావించి ఊరకుండిరి. ప్రశంసలు వచ్చెను గాని పైకము రాలేదు. చిత్రకారుడు పేదవాడుగనే ఉండిపోయెను.

అప్పటికి విస్లరు లండను నగరమున స్థిరపడియుండెను. అతని ప్రోత్సాహముచే 1863లో లెగ్రో సముద్రము దాటి ఇంగ్లండునకు వచ్చి, మొదట మిత్రుని ఇంటనే తలదాచుకొనెను. కొలది సంవత్సరములకు, 1867లో, ఆ మైత్రి తగవులాటతో ముగిసినది. ఇద్దరును కోపిష్ఠులే గనుక తప్పెవరిదో తేల్చుట వ్యర్థము. రొసెట్టి, వాట్సు వంటి ఇంగ్లీషు చిత్రకారులు మాత్రము ఈ పరదేశిని ఆదరించిరి. 1864లో అతడు ఒక ఇంగ్లీషు యువతిని వివాహమాడెను.

సంసారము ఏర్పడినది, నిలుకడయైన ఆదాయము లేదు. లెగ్రో రాగిరేకులపై బొమ్మలు గీచి అచ్చులు అమ్ముచు, అడిగినవారికి పాఠములు చెప్పుచు కాలము గడపెను. ధనికుల గృహములకు అందము చేకూర్చు వస్తువులు అతని బొమ్మలలో ఉండవు. బిచ్చగాండ్రు, సన్న్యాసులు, కట్టెలు కొట్టువారు, ఆకులు రాలిన చెట్లు ఉండును. మృత్యువు, కట్టెలవాడు అను అతని బొమ్మ పేరెన్నికగన్నది. మోపు ఎత్తలేక విసిగి చావును పిలిచి, చావు వచ్చి నిలువగానే మోపు నెత్తిన పెట్టుమని వేడుకొనిన ముసలివాని కథ మన పిల్లలును ఎరుగుదురు. ఆ పాతకథయే ఆ బొమ్మకు మూలము. కూలిపని చేసి బ్రతికిన చేయి గీచినది గనుక అందు ముసలివానిపై ఎగతాళి లేదు.

1871లో పారిసు నగరమున రాజకీయ కల్లోలము చెలరేగగా, చిన్నబడి స్నేహితుడైన దాలూ దేశము విడిచి లండనునకు వచ్చెను. తన బ్రతుకే అంతంతమాత్రముగ ఉన్నను లెగ్రో అతనికి చేయూత నిచ్చెను. కొంతకాలమునకు సౌతు కెన్సింగ్టను కళాపాఠశాలలో లెగ్రో ఎచ్చింగు బోధకుడాయెను. ఆ మీదట 1876లో అతనికి గొప్ప పదవి లభించినది. ఫెలిక్సు స్లేడు అను న్యాయవాది మరణశాసనము మూలమున ఒసగిన ధనముతో 1871లో లండను యూనివర్సిటీ కాలేజీలో స్లేడు చిత్రకళాశాల స్థాపింపబడెను. మొదటినుండియు స్త్రీలకును పురుషులకును సమానముగ ప్రవేశ మొసగిన విద్యాలయ మది. దాని మొదటి ఆచార్యుడైన పాయింటరు వేరొక ఉద్యోగమునకు పోవుచు, తన స్థానమునకు తగినవాడు లెగ్రో యని సూచించెను.

ఇచట ఒక చిక్కు వచ్చినది. ఇంగ్లండునకు వచ్చి పదుమూడేండ్లు గడచినను లెగ్రోకు ఇంగ్లీషు సరిగ రాదు. ఫ్రెంచి ముక్కలతోను, చేసైగలతోను నెట్టుకొని వచ్చుచుండెను. తన జీవితాంతము వరకు ఆ భాష అతనికి పట్టుబడలేదు. ఆశ్రయమిచ్చిన దేశపు భాషను నేర్వకుండుట మెచ్చదగినది కాదు. ఉపన్యాసములు చెప్పవలసిన పీఠమున మాట రాని మనిషి కూర్చుండెను. అతడు నిలుచునా, పడిపోవునా యను సందేహము ఎవరికైనను కలుగక మానదు.

లెగ్రో తాను నేర్చిన త్రోవనే పట్టెను. ప్రక్కన నిలిచి చూచి ఎచ్చింగు నేర్చినవాడు గనుక, ఇపుడు తానే పని చేయుచు శిష్యులను చూడుమనెను. ఒక మనిషిని ఎదుట కూర్చుండబెట్టి, విద్యార్థులు చుట్టును నిలువగా, అతని తలనో మొండెమునో గంటకో, అంతకంటె తక్కువ వ్యవధిలోనో చిత్రించి ముగించుచుండెను. వారి శ్రద్ధ చెదరకముందే పని పూర్తి కావలెనని ఆ తొందర. మొదటి గీత ఎచట పడినది, ఏ రంగు ముందు వచ్చినది, చేయి ఎచట ఆగినది, అన్నియు వారు కన్నులార చూచిరి. వివరించుటకు మాటలు అక్కరలేకపోయెను.

ఆ కళాశాలలో పురాతన శిల్పముల ప్లాస్టరు పోతలను చూచి గీయుట ఒక పాఠము. విద్యార్థులు ఒక్క బొమ్మపై వారములు, ఒక్కొక్కపుడు నెలలు గడపుచు, చెరపుచు, దిద్దుచు, నునుపు చేయుచుండిరి. లెగ్రో ఆ విగ్రహముల స్థానములను వారమున కొకసారి మార్చునట్లు ఏర్పాటు చేసెను. బొమ్మ ముగిసినను ముగియకున్నను విగ్రహము తిరిగిపోవును! రంగుల తరగతిలో మొదట రేఖ స్థిరముగ ఉండవలెను. దానిని పలుచని గోధుమరంగుతో నిలుపవలెను. ఆపై ఒకేసారి రంగు వేసి ముగింపవలెను. దిద్దుబాట్లకు తావు లేదు.

నేర్చుటలో అతడు శిష్యులకంటె చిన్నవాడుగ ప్రవర్తించెను. ఏ కార్ఖానాలోనైన క్రొత్త పద్ధతి కంటబడినచో దానిని సాధించువరకు నిద్రపోడు. బ్రిటిషు మ్యూజియములో పిసానెల్లో అను ప్రాచీన ఇటలీ కళాకారుని పతకములను చూచి పతకములు పోత పోయ నారంభించెను. డార్విను, టెన్నిసను, కార్లైలు మొదలగు మహనీయుల ముఖములతో అతడు పోసిన పతకములు ప్రసిద్ధములు. అతని వెంటనే శిష్యులును ఆ పనికి పూనుకొనిరి. 1881లో రోదాన్ లండనునకు వచ్చినపుడు, ఆమ్లముతో పనిలేక సూదితో నేరుగ రేకును గీకి బొమ్మ దించు పద్ధతిని లెగ్రో అతనికి చూపెను. అప్పటికే ప్రసిద్ధికి వచ్చుచున్న శిల్పి, చిన్నబడి నాటి స్నేహితుని యొద్ద మరల విద్యార్థియై కూర్చుండెను. ఆ సంవత్సరమే లెగ్రో బ్రిటిషు పౌరుడాయెను.

చిత్రకారుడు కాగోరువాడు ఇటలీ చూడవలెనని అతని అభిప్రాయము. అందుకు విద్యార్థులకు ఇచ్చు వేతనము చాలనిదని, తన జీతములో కొంత దానికి చేర్చుచుండెను. ఎచ్చింగులో పేరుగాంచిన విలియం స్ట్రాంగు, తరువాత లండను నేషనల్ గేలరీకి అధ్యక్షుడైన చార్లెసు హోల్రాయిడు అతని శిష్యులే. 1888లో చేరిన విలియం రోతెన్‌స్టైను పేరు మన దేశమువారికి కొంత పరిచితము. 1910లో భారతదేశమునకు వచ్చి రవీంద్రనాథ ఠాకూరుతో మైత్రి చేసికొనిన వాడతడే. 1912లో వెలువడిన ఇంగ్లీషు గీతాంజలి అతనికే అంకితమైనది.

1892లో లెగ్రో ఆచార్యపదవిని విడిచి, రాగిరేకుల యొద్దకు తిరిగి వచ్చెను. బర్గండీ పల్లెల పొలములు, ఎన్నడును లేని కోటలు, మృత్యువు విజయయాత్రలు అతని సూదిమొనను వెలువడినవి. 1911వ సంవత్సరము డిసెంబరు 8వ తేదీన లండను సమీపమునందలి వాట్‌ఫర్డులో అతడు మరణించెను. అప్పటికి అతడు గీచిన రేకులు ఆరువందలకు మించియుండెను.