ఉలి మరల చేపట్టిన ఎలిసబెత్ నే

పరదేశీయురాలైనను, రాతిపనివాని యింట బుట్టిన యీ శిల్పిని మేము మనవారిలో నొకతెగనే గణింతుము. ఎలిసబెత్ నే జర్మనీదేశమున మ్యూన్‌స్టరు పట్టణమునందు 1833లో జనించెను. శిల్పవిద్యకు తల్లిదండ్రు లొల్లకపోగా, వారు సమ్మతించువరకు అన్నము ముట్టలేదని ప్రతీతి. మ్యూనికు, బెర్లిను నగరములం దభ్యసించి, షోపెన్‌హోవరు, గరిబాల్డి, బిస్మార్కు మున్నగువారి ముఖబింబములను మలచి యశము గాంచెను.

1871లో భర్తతో అమెరికా కేగెను. 1873లో టెక్సాసునందు లియెండో యను విశాలక్షేత్రమును గొని యచ్చట గాపురముండిరి. ఆ యేటనే పెద్దకుమారుడు పసితనమున గతించెను. పొలము, పద్దులు, రెండవ కుమారుని పెంపకము, వీనితో 20 ఏండ్లకు దగ్గరగా ఉలి మూలబడెను. కులవృత్తి విడిచి కచ్చేరీలలో కాలము గడపి, ఇక చేయి తిరుగదని వగచు మన సోదరు లిచ్చట నొకింత నిలిచి చదువవలెను. 1892లో, 59 ఏండ్ల వయస్సున, ఆమె ఆస్టిను నగరమున శిల్పశాల కట్టించుకొనెను. చికాగో ప్రదర్శనమునకై సామ్ హ్యూస్టను, స్టీఫెన్ ఆస్టిను అను టెక్సాసు నాయకుల ప్రతిమలకు బూనుకొనగా, 1893 నాటికి మొదటిదే సిద్ధమయ్యెను, రెండవది జాగయ్యెను. ఆ జాగు మాకు లోపముగ దోపదు. ఆ రెంటి చలువరాతి ప్రతిమలు టెక్సాసు శాసనసభాభవనమునను, వాషింగ్టనునందును నేడును నిలిచియున్నవి. నిద్రలో నడచుచు చేతులు నులుముకొను మాక్బెత్ రాణి ప్రతిమ వీనిని మించినదని మా యభిప్రాయము.

1907 జూన్ 29న నామె ఆస్టినులో గతింపగా, ఉలికి దూరము చేసిన యా లియెండో పొలముననే సమాధి గావించిరి. నాలుగేండ్లకు భర్తయు నామె ప్రక్కనే చేరెను.