కిచెనర్‌ను మింగిన సముద్ర మందుపాతర

ఐర్లండ్‌లో పనిచేస్తున్న మనవాళ్లకు కెర్రీ కౌంటీ తెలిసిందే. లార్డ్ కిచెనర్ 1850లో పుట్టింది అక్కడే, లిస్టొవెల్ దగ్గర. దక్షిణాఫ్రికాలో ఆయన హయాంలో వేలాది బోయర్ ఆడవాళ్లు, పిల్లలు శిబిరాల్లో చనిపోయారు. ఆ సంగతి మనం మరువరాదు. తర్వాత 1902 నుంచి 1909 వరకు మన దేశంలో సర్వసైన్యాధిపతి. 1914లో బ్రిటన్ యుద్ధమంత్రి అయ్యాడు.

1916 జూన్ 5న రష్యాకు బయలుదేరితే, ఆయనెక్కిన యుద్ధనౌక హాంప్‌షైర్ స్కాట్లండ్ ఉత్తరాన ఆర్క్నీ దీవుల దగ్గర మైన్‌కు తగిలింది. జర్మన్ జలాంతర్గామి వారం ముందు నీళ్లకింద పెట్టిపోయిన మైన్ అది. పావుగంటలో నౌక మునిగింది. 12 మందే బతికారు. కిచెనర్ శవం దొరకలేదు.

ఆయనకు 1926లో అక్కడ బురుజు కట్టారు. ఆయనతో పాటు పోయిన వందలాది నావికులు, బొగ్గు వేసేవాళ్ల పేర్లు పక్కన గోడకెక్కడానికి 2016 దాకా పట్టింది. మైన్ మాత్రం ఆ తేడా చూడలేదు.